మలుపుల దారిలో స్పోర్ట్స్ కారు: అక్టోబరు నుంచి జూన్ దాకా నా అనుభవం

అక్టోబరు రెండో వారంలో సెకండ్ హ్యాండ్ మాజ్డా ఎంఎక్స్-5 ఒకటి కొన్నాను. 2005లో మొదలై 2015 దాకా వచ్చిన మూడో తరం మోడలు. రెండే సీట్లు, రెండు లీటర్ల పెట్రోలు ఇంజను, మాన్యువల్ గేర్లు, వెనక చక్రాలకు పవరు, మడిచి పెట్టుకునే టాపు. కొన్నది ఒకే ఒక్క పనికి. సెలవురోజు పొద్దున్నే లేచి కొండదారుల్లో, మలుపుల్లో నడుపుకోవడానికి. అప్పటిదాకా నేను నడిపినవన్నీ ముందు చక్రాలు లాగే మామూలు ఫ్యామిలీ కార్లే. ఇలాంటి కారు మీద మనసున్నవాళ్ళకు కొన్నాక నిజంగా ఏం జరుగుతుందో, ఎక్కడ ఎదురుచూడాల్సి వస్తుందో, డబ్బు ఎటు పోతుందో తెలియాలని వరసగా రాస్తున్నాను.

ఈ కారే ఎందుకంటే, బరువు కోసం. మొత్తం కలిపి పదకొండు వందల కిలోల చిల్లర. ఇంచుమించు ఇదే డబ్బుకు దీనికి రెట్టింపు హార్స్‌పవరున్నవి దొరికాయి, రెండు మూడు నడిపి చూశాను కూడా. కానీ ప్రతి మలుపు దగ్గరా ఆపాల్సిందీ, తిప్పాల్సిందీ ఆ బరువునే. 1989లో షికాగో ఆటో షోలో మొదటి ఎంఎక్స్-5ను చూపించిన నాటినుంచీ ఈ కారు పద్ధతి ఇదే: మరీ పెద్దది కాని ఇంజను, తేలికైన ఒళ్ళు, ముందుకూ వెనక్కూ దాదాపు సమానంగా పంచిన బరువు. 2016 ఏప్రిల్‌కల్లా పది లక్షల కార్లు తయారయ్యాయి కాబట్టి పార్టులకు లోటుండదనుకున్నాను. టైర్లు తప్పిస్తే ఆ మాట నిజమే అయింది.

బేరం ఖాయం చేసుకునే ముందు ఒక వర్క్‌షాపులో కారును చెక్ చేయించాను. రెండు పేజీల రిపోర్టు ఇచ్చారు. బ్రేకుల ఎదురుగా "బాగున్నాయి" అని టిక్కు పెట్టి ఉంది. ఆ టిక్కు సంగతి డిసెంబరు దగ్గరికొచ్చాక చెబుతాను.

టైర్ల సంగతి మాత్రం నేనే పట్టుకున్నాను. టైరు పక్క గోడ మీద చివర నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నా కారు టైర్ల మీద 0915 అని ఉంది. అంటే 2015లో తొమ్మిదో వారంలో తయారైనవి. కారు కొత్తగా వచ్చినప్పటి టైర్లే అన్నమాట. గాడులు చూస్తే లోతుగానే ఉన్నాయి. అరుగుదల గుర్తు 1.6 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, అక్కడికి ఇంకా చాలా దూరం ఉంది. కానీ రబ్బరు గట్టిపడిపోయింది. వేలిగోరు ఎంత నొక్కినా దిగలేదు. గాడుల అడుగున సన్నగా పగుళ్ళు. తక్కువ తిరిగిన స్పోర్ట్స్ కార్లలో ఇది మామూలేనని తర్వాత అర్థమైంది. టైర్లు అరగవు, వయసైపోతాయి. నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే రకం వేయించుకోవాలనుకున్నాను. 205/45 ఆర్17 సైజులో నాలుగూ ఒకచోట దొరక్క ఆర్డరు పెడితే మూడు వారాలు దాటాక వచ్చాయి. వీల్ అలైన్‌మెంటుకు ఇంకో వారం. కారు ఇంటి ముందుండగానే నవంబరు సగం అయిపోయింది.

ఆ వారాల్లో చేసిన మంచి పని సీటు సర్దుకోవడం. వీపు సీటుకు ఆనించి చేతులు చాపితే మణికట్లు స్టీరింగ్ పైఅంచు మీద ఆనాలి. క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగే ఉండాలి. మామూలు కారులో నేను కూర్చునేదానికంటే ఇది బాగా దగ్గర. మొదట ఇరుగ్గా అనిపించింది. నాలుగు మలుపులు తిరిగాక ఎందుకో తెలిసింది. చేతులు బారుగా చాపుకుని కూర్చుంటే మలుపులో మనం స్టీరింగును పట్టుకుని వేలాడతాం. దాన్ని తిప్పడానికి చేతుల్లో బలం మిగలదు.

నవంబరు మూడో వారంలో మొదటిసారి కొండెక్కాను. ఎంతో ఎదురుచూసిన రోజు, కానీ మొదటి గంటంతా భయంభయంగానే గడిచింది. కారుకు భయపడలేదు, చూపు అందక భయపడ్డాను. ఈ కారులో నేల మీద కూర్చున్నట్టే ఉంటుంది. మామూలు కారులోంచి కంచె మీదుగా, పిట్టగోడ మీదుగా అవతలి రోడ్డు కనబడుతుంది. ఇందులోంచి పిట్టగోడే కనబడుతుంది. పైగా అద్దం పక్కన ఏటవాలుగా దిగే స్తంభం సరిగ్గా హెయిర్‌పిన్ (దాదాపు వెనక్కి తిరిగే మలుపు) తిరిగే వైపే అడ్డం. మెడ చాపి, దాని పక్కనుంచి తొంగి చూడటం అలవాటు చేసుకోవాలి. ఎవరూ చెప్పని సంగతి ఇది. స్పోర్ట్స్ కారు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, కానీ తక్కువ రోడ్డు చూపిస్తుంది.

ఇక్కడే నాకు అసలు లెక్క తలకెక్కింది. మలుపు తిరుగుతూ ముందు 30 మీటర్ల రోడ్డే కనబడుతోందనుకోండి. 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతాం. ఎదురుగా ఉన్నదాన్ని చూసి, కాలు బ్రేకు మీద పడేసరికే ఆ సెకను అయిపోతుంది. అక్కణ్ణుంచి పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో ఆగడానికి ఇంకో 18, 20 మీటర్లు. అంటే 35 పైనే. అదే 40లో వెళ్తుంటే అంతా కలిపినా 20 లోపే ఆగుతాం. ఒక్క బండి పట్టే సన్న రోడ్డయితే ఎదుటివాళ్ళకూ ఆగే చోటు కావాలి కాబట్టి, కనబడేదాంట్లో సగమే మనది. కారు ఆ మలుపును ఇంకా ఎంత వేగంతోనైనా తిరగనీ, ఆ తాహతుతో అక్కడ నాకు పనిలేదు. కళ్ళకు అందినంతే వేగం.

అలాగని ఆనందం తగ్గలేదు. నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. 15 మీటర్ల వ్యాసార్థమున్న హెయిర్‌పిన్‌లో 30 కిలోమీటర్ల వేగానికే మన బరువులో సగానికి దగ్గరగా పక్కకు లాగుతుంది. సీటు అంచు పక్కటెముకలకు ఒత్తుకుంటుంది, స్టీరింగ్ అరచేతుల్లో బరువెక్కుతుంది, మలుపు తెరుచుకునే చోట యాక్సిలరేటర్ మీద కాలు ఆనించగానే వెనక చక్రాలు నడుం కిందినుంచి నెడుతున్నట్టు తెలుస్తుంది. రెండో గేరు, మూడో గేరు, మళ్ళీ రెండు. పైకెళ్ళేసరికి వీపు తడిసిపోయింది. కారు దిగి నిలబడ్డాక కూడా వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. నవ్వొస్తోంది. ఆపుకోలేకపోయాను. స్పీడోమీటరు ఆ పొద్దు ఎప్పుడూ 60 దాటి ఉండదు.

డిసెంబరు మొదట్లో జరిగింది వివరంగా రాయాలి.

అదే కొండ దిగుతున్నాను. ఒకదాని వెంట ఒకటి హెయిర్‌పిన్లు. రెండో గేరులో, ఇంజను పట్టుమీదే దిగుతున్నా మలుపు మలుపుకూ బ్రేకు తొక్కక తప్పని వాలు అది. సగం దిగాక ముక్కుకు ఘాటుగా మాడిన వాసన తగిలింది. తర్వాతి మలుపు దగ్గర తొక్కితే, ఎప్పుడూ పైనే పట్టే పెడల్ సగం దాకా మెత్తగా దిగిపోయింది. కారు నెమ్మదించింది, కానీ నేను అడిగినంత కాదు. ఆ మలుపు దాటాను. ఆ పై మలుపుకు పెడల్ ఇంకా కిందికి పోయింది. గుండె గొంతులోకొచ్చింది. పెడల్‌ను గబగబా రెండు మూడుసార్లు తొక్కి వదిలితే కాస్త పట్టు దొరికింది. మొదటి గేరులోకి దించాను. ఇంజను అరుస్తూ కారును పట్టి ఆపింది. అదృష్టం కొద్దీ మలుపు అవతలే రోడ్డు పక్కన బండ్లు ఆగే జాగా ఉంది. అందులోకి తిప్పేశాను.

ఇలాంటప్పుడు హ్యాండ్ బ్రేకు వేయకూడదని ముందే చదివి ఉండటం మేలు చేసింది. చక్రంతో పాటు తిరిగే డిస్కు కాలిపోతుంటే, దాన్ని నొక్కి ఆపే ప్యాడ్లు దాని మీద బిగుసుకుపోవచ్చు. గేరులో వదిలేసి, ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాను. చక్రం సందుల్లోంచి పల్చగా పొగ. డిస్కు ఒక అంచున నీలంగా మారింది. దగ్గరగా చెయ్యి పెడితే ఆ వేడికి వెంటనే వెనక్కి తీయాల్సి వచ్చింది. ముప్పావుగంట అక్కడే కూర్చున్నాను. చల్లారాక పెడల్ మళ్ళీ పైకి వచ్చింది, ఏమీ జరగనట్టే. మిగతా కొండంతా మొదటి గేరులో, వెనకొచ్చే బండ్లకు దారిస్తూ దిగాను.

మర్నాడు వేరే వర్క్‌షాపుకు తీసుకెళ్ళాను. మెకానిక్ బ్రేకు ఫ్లూయిడ్ డబ్బా మూత తీసి, తేమ కొలిచే టెస్టరు ముంచగానే ఎర్ర లైటు వెలిగింది. లోపల ఫ్లూయిడ్ నల్లబడి ఉంది. బ్రేకు ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటూనే ఉంటుంది. డాట్ 4 రకం కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ చేరితే ఆ హద్దు 155కు పడిపోతుంది. కొండ దిగేటప్పుడు ఆ వేడి రావడం ఎంతసేపు! మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ తొక్కితే నలిగేది ఆ బుడగలే. బ్రేకుకు ఒత్తిడి చేరదు. మామూలు ఊరి తిరుగుడులో ఆ ఫ్లూయిడుతోనే ఏళ్ళు గడిచిపోతాయి, ఎవరికీ తెలియదు.

మొదట చెక్ చేసిన వర్క్‌షాపుకు ఫోన్ చేశాను. వాళ్ళు చూసింది ప్యాడ్ల మందమేనట. ఫ్లూయిడ్ పరీక్ష ఆ ప్యాకేజీలో లేదట. రిపోర్టులో ఆ మాట ఎక్కడా లేదు. చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు. ప్యాడ్లు, ఫ్లూయిడ్, ముందు డిస్కులు మార్చేసరికి పది రోజులు, నాలుగు టైర్లకు అయినంతలో సగం ఖర్చు. కొండల్లో నడపడానికి కారు కొంటుంటే, చెక్ చేసేవాళ్ళను ఫ్లూయిడ్‌లో తేమ ఎంతుందో కొలిచి అంకె రాసి ఇమ్మని అడగండి.

కారు బాగై వచ్చినా జనవరంతా కొండవైపు పోలేదు. పెడల్ కిందికి జారిన ఆ క్షణం నిద్రలో కూడా పాదానికి తెలిసేది. మా ఆయన అమ్మేద్దామనలేదు. "నేర్పించేవాళ్ళు ఉంటారుగా, ఒకరోజు వెళ్ళు" అన్నారంతే. మూసి ఉంచిన ట్రాకు మీద ఒకరోజు ట్రైనింగుకు పేరిచ్చాను. వెయిటింగ్ లిస్టు నెల పైన. ఫిబ్రవరి మూడో శనివారం పిలుపొచ్చింది. ఫీజు దాదాపు ఒక టైర్ల సెట్టు ఖరీదు. ఈ మొత్తంలో నేను పెట్టిన ఖర్చుల్లో అత్యంత విలువైనది ఇదేనని గట్టిగా చెప్పగలను.

పొద్దుట సెషనంతా బ్రేకులే. 80లో వెళ్తూ పూర్తి బలంతో తొక్కమన్నారు. నేను పూర్తి బలం అనుకున్నది సగం కూడా కాదని అప్పుడు తెలిసింది. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పెడల్ కింద టకటకా కొట్టుకుంటుంటే భయపడి కాలు తీయకుండా ఉండటానికి చాలాసార్లు చేయాల్సి వచ్చింది. మధ్యాహ్నం తడి నేల. నీళ్ళు చిమ్మిన నున్నటి మైదానంలో గుండ్రంగా తిప్పుతూ, మధ్యలో యాక్సిలరేటర్ మీంచి ఒక్కసారిగా కాలు తీసేయమన్నారు. తీయగానే కారు ముక్కు కిందికి వంగింది, బరువంతా ముందు చక్రాల మీదకు వచ్చింది, తేలికైన వెనక భాగం పక్కకు జారింది. నెమ్మదిగా, నడుము దగ్గర తెలిసిన జారుడు. కారు పోవాల్సిన వైపు కళ్ళు నిలిపి, స్టీరింగ్ అటే తిప్పితే సర్దుకుంది. మొదట, కారు జారితే తనంతట తానే సర్దే స్టెబిలిటీ కంట్రోల్ ఆన్‌లో, తర్వాత ఆఫ్‌లో. బయట రోడ్డు మీద దాన్ని ఎప్పుడూ ఆపొద్దన్నారు, నేను ఆపను కూడా. కానీ అది ఏం కాపాడుతోందో ఒంటికి ఒకసారి తెలియడం వేరు.

అక్కడ నేర్చుకున్నదాంట్లో ఇప్పుడు రోజూ పనికొచ్చేది ఒకటుంది. టైరుకు ఉన్న పట్టు అంతా కలిపి ఒకటే. బ్రేకుకు ఎంత వాడితే, తిప్పడానికి అంత తగ్గుతుంది. అందుకే గట్టి బ్రేకు మలుపుకు ముందే, నేరుగా ఉన్నప్పుడే అయిపోవాలి. స్టీరింగ్ తిప్పేకొద్దీ పెడల్ మీద కాలు అంతంతే తేలికవ్వాలి. ఒక్కసారిగా వదిలేయకూడదు. ఆ వదలడంలోనే పనితనమంతా ఉంది.

మార్చిలో మళ్ళీ కొండకు. ఈసారి మా ఆయనను తీసుకెళ్ళాను. ఆయనకు కారులో కడుపు తిప్పే అలవాటు. ఐదారు మలుపులయ్యాక "కాస్త ఆపు, తల తిరుగుతోంది" అన్నారు. "ఈ వంపు దాటగానే ఆపుతానండీ, అక్కడ జాగా ఉంది" అన్నాను. కాసేపు గాలి పీల్చుకున్నాక ఆయన చెప్పిన మాట ఏ ట్రైనింగులోనూ వినలేదు. మలుపులు తిరగడం తనకేం ఇబ్బంది కాదట, బ్రేకు వదిలే చివరి క్షణంలో తల వెనక్కి కొట్టుకోవడమే ఇబ్బందట. అక్కణ్ణుంచి ఓరకంట ఆయన తలనే గమనిస్తూ నడిపాను. బ్రేకు మెల్లగా వదిలితే తల ఊగదు. గేరు దించేటప్పుడు ఇంజను వేగం సరిపడా పెంచి క్లచ్ వదిలితే ఊగదు. తొందరపడితే వెంటనే ఊగుతుంది. నెలరోజుల్లో ఆయనకు కడుపు తిప్పడం పోయింది, నేను నడిపే తీరు మారింది. విచిత్రం ఏమిటంటే, మెత్తగా నడుపుతుంటే పైకి చేరే సమయం పెరగలేదు.

రోడ్డు ఎప్పుడూ నిన్నటి రోడ్డు కాదు. వానపడ్డ మర్నాడు మలుపు లోపలివైపు కంకర కొట్టుకొచ్చి ఉంటుంది. ఎక్కుడు మలుపుల్లో, నిండుగా ట్యాంకు కొట్టించుకున్న లారీల నుంచి ఒలికిన డీజిల్ మరకలుంటాయి. తడి రోడ్డు మీద రంగుల తెట్టు కనబడితే అదే. చెట్ల నీడపడే చోట ఎండెక్కినా తడి ఆరదు. అందుకే ఎంత తెలిసిన దారైనా మొదటి విడత ఎక్కడమూ దిగడమూ నెమ్మదిగా, చూసుకోవడానికే. టైర్లు కూడా అప్పటికి వేడెక్కుతాయి. వేసవి టైర్ల రబ్బరు చలికి, 7 డిగ్రీల లోపు, పట్టు తప్పుతుంది. గాలి కొలిచేది మాత్రం ఇంటి దగ్గర, చల్లగా ఉన్నప్పుడే. కొండ దిగాక కొలిస్తే నాలుగైదు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసేయొద్దు.

దారి పక్కన ఇళ్ళుంటాయి. అక్కడివాళ్ళకు అది ఇంటి ముందు రోడ్డు. ఇళ్ళు కనబడగానే పెద్ద గేరులోకి మార్చి, చప్పుడు లేకుండా దాటతాను. సైకిలు మీద ఎక్కేవాళ్ళుంటే దారి పూర్తిగా తెరుచుకునే దాకా వెనకే. వెనక ఎవరైనా తొందరపడితే పక్కకు ఆగి పంపించేస్తాను. అద్దంలో వాళ్ళను చూసుకుంటూ మలుపులు తిరగడంలో సుఖం లేదు.

మే నెలలో ఒక రాయి కోసి టైరు పక్క గోడ చీలింది. ఈ కారులో స్టెప్నీ లేదు. డిక్కీలో ఉండేది పంచరు మూసే ద్రవం డబ్బా, చిన్న కంప్రెసరు. రోడ్డుకు ఆనే భాగంలో మేకు దిగితే అవి చాలు, పక్క గోడ చీలితే ఎందుకూ పనికిరావు. ఫోన్‌కు సిగ్నల్ లేదు. సిగ్నల్ దొరికే దాకా కిందికి నడిచి ఫోన్ చేస్తే, కారును తీసుకెళ్ళే బండి వచ్చేసరికి నాలుగు గంటలు దాటింది. వచ్చినవాళ్ళు ముందు అడిగింది టో హుక్కు, అంటే కారును లాగడానికి తగిలించే కొక్కెం. అది కారుకు బిగించి ఉండదు, టూల్ కిట్‌లో ఉంటుంది. బంపరు మీది చిన్న మూత తీసి, మరమేకులా తిప్పి బిగించాలి. కారు కిందికి ఉండటంతో ముందు అంచు తగలకుండా చెక్కలు పెట్టి ఎక్కించారు. ఇన్సూరెన్సు వాళ్ళు దగ్గరి గ్యారేజీ దాకానే తీసుకెళ్తామన్నారు, అక్కడ ఆ సైజు లేదు. మళ్ళీ ఎనిమిది రోజులు. ఒకే యాక్సిల్ మీద ఒక కొత్త టైరు, ఒక అరిగిన టైరు వద్దన్నారు కాబట్టి రెండు కొన్నాను. ఇప్పుడు దారి మ్యాపును ఫోన్‌లో ముందే దించుకుంటాను, డిక్కీలో నీళ్ళు, నడవడానికి మంచి బూట్లు, టార్చి ఉంటాయి.

ఖర్చుల్లో పెట్రోలు నేననుకున్నంత లేదు. చిన్న గేర్లలో తిరగడం వల్ల హైవే మీదకంటే బాగా ఎక్కువే తాగుతుంది, కానీ తిరిగే దూరం తక్కువ. అసలు ఖర్చు టైర్లు, బ్రేకులు. జూన్ మొదటి వారంలో చూపిస్తే ముందు ప్యాడ్లు సగానికి వచ్చాయన్నారు. ముందు టైర్ల బయటి అంచు లోపలిదానికంటే ఎక్కువ అరిగింది, అలైన్‌మెంటు మళ్ళీ సరిచేశారు. నేను అడగకుండానే మెకానిక్ ఫ్లూయిడ్‌లో టెస్టరు ముంచి చూపించాడు, పచ్చ లైటు. అయినా కొండల్లో నడిపేవాళ్ళు ఏడాదికోసారి మార్చడమే మంచిదన్నాడు, డిసెంబరుకు రాసిపెట్టుకున్నాను.

ట్రైనింగుకు మళ్ళీ పేరిచ్చాను, సెప్టెంబరుకు దొరికింది. ఈసారి మా ఆయన కూడా నడుపుతానన్నారు. ఇన్సూరెన్సులో రెండో డ్రైవరుగా ఆయన పేరు చేర్చమని ఫారం పంపి వారమైంది. ప్రీమియం ఎంత పెరుగుతుందో ఇంకా చెప్పలేదు.